అద్దం గుర్తుపెట్టుకోదు

క్లబ్ వాళ్లు ఈసారి నన్ను వ్యాసం రాయమన్నప్పుడు ముందు వద్దన్నాను. నర్సరీ నుంచి ఇంగ్లిష్ మీడియం. తెలుగు టెన్త్‌తో అయిపోయింది. ఇంటర్‌లో అందరిలాగే మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నాను. ఒత్తులు ఎక్కడ పడాలో ఇప్పటికీ డౌటే. కానీ తెలుగు అక్షరాలు నాకు కొత్త కాదు. వాటిని చూస్తూనే పెరిగాను. చదివింది తక్కువ, చూసింది ఎక్కువ.

ఎందుకంటే మా నాన్నది డీటీపీ సెంటర్. నల్లకుంటలో, కూరగాయల మార్కెట్ దగ్గర ఒక గల్లీలో, పాత ఇంటి కింద పోర్షన్. ముందు జెరాక్స్ మెషీన్, వెనక రెండు కంప్యూటర్లు, మూలకి స్పైరల్ బైండింగ్. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివేవాళ్లు నోట్సులు తెస్తారు. చిక్కడపల్లి ప్రెస్సుల వాళ్లు శుభలేఖలు, కరపత్రాలు కంపోజింగ్‌కి పంపిస్తారు. అప్పుడప్పుడు రిటైరైన పెద్దవాళ్లు, చేతిరాత కాగితాల కట్టతో వచ్చి "పుస్తకం వేయించుకుందామని" అని కొంచెం మొహమాటపడుతూ అడుగుతారు. అలా వచ్చిన ఒక సారు పుస్తకాన్ని నేను చెరిపేసిన కథ ఇది. ఇందులో హార్డ్ డిస్కులు ఉన్నాయి. క్లోనింగ్, మిర్రరింగ్ ఉన్నాయి. సీఎస్‌ఈ వాళ్లు తెలిసిందేలే అని స్క్రోల్ చేయకండి. నాకూ తెలుసనే అనుకున్నాను.

నాన్న వాడే మెషీన్‌లో విండోస్ 7 ఉంది. అందులో పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు. పేజ్‌మేకర్ ఆ వెర్షన్ వచ్చింది 2001లో. అంటే నాకంటే పెద్దది. "యూనికోడ్‌కి మారొచ్చు కదా నాన్నా" అని నేను అడిగినప్పుడల్లా ఆయన ఒకటే అంటాడు: "నా వేళ్లు మారవు బిడ్డా." వేళ్ల సంగతి పక్కన పెడితే, అసలు చిక్కు ఇంకొకటి. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఫైల్‌లో నిజంగా దాచి ఉండేది ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల కోడ్‌లే. ఫాంట్ ఆ కోడ్‌లకి తెలుగు రూపం తొడుగుతుంది. అదే ఫైల్‌ని ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు ఉండదు, పిచ్చి గీతల్లాంటి ఇంగ్లిష్ ఉంటుంది. పైగా మా ఇన్‌స్టాలేషన్ సీడీలు రెండు ఇళ్లు మారేసరికి ఎక్కడో పోయాయి. అంటే ఆ మెషీన్ పోతే ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో భద్రంగా ఉన్నా లాభం లేదు. తాళం ఉండి తలుపు లేనట్టే.

ఫస్టియర్ అయిపోయిన సెలవుల్లో, జూన్‌లో, నేను ఆ మెషీన్ డిస్క్ ఆరోగ్యం చూశాను. ప్రతి హార్డ్ డిస్కూ తన గురించి తాను కొన్ని లెక్కలు రాసుకుంటుంది. వాటిని స్మార్ట్ విలువలు అంటారు. అందులో "రీఅలొకేటెడ్ సెక్టార్లు" అనే లెక్క ఉంటుంది. పాడైన చోట్లని వదిలేసి, వాటి బదులు డిస్క్ తన దగ్గరున్న స్పేర్ చోట్లని ఎన్ని వాడుకుందో చెప్పే లెక్క. కొత్త డిస్క్‌లో అది సున్నా ఉండాలి. మాది సున్నా కాదు. వారం తర్వాత చూస్తే ఇంకా పెరిగింది. తొమ్మిదేళ్ల డిస్క్ మరి.

సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి ఒక టీబీ డిస్క్ కొన్నాను. అక్కడే ఇంకో 500 జీబీ డిస్క్ కూడా తీసుకున్నాను, సెకండ్ హ్యాండ్. నాన్న డబ్బులిస్తూ "రెండెందుకు?" అని అడిగాడు. "ఒకటి క్లోన్‌కి, ఒకటి మిర్రర్‌కి" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. నాకు అర్థమైందని నేను అనుకున్నాను.

క్లోన్ అంటే డిస్క్‌ని డిస్క్‌లాగే దింపేయడం. ఫైళ్లు మాత్రమే కాదు. విండోస్, పేజ్‌మేకర్, ఫాంట్లు, సెట్టింగులు, మెషీన్ ఆన్ అవ్వడానికి కావాల్సిన బూట్ భాగం, పార్టిషన్ల గీతలతో సహా. క్లోన్‌జిల్లా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి, దాంతోనే మెషీన్ ఆన్ చేసి, పాత డిస్క్ నుంచి కొత్త డిస్క్‌లోకి పోశాను. జూన్ 14, ఆదివారం మధ్యాహ్నం. ఏది సోర్స్, ఏది టార్గెట్ అని మూడుసార్లు చూసుకున్నాను. అది తిరగేస్తే ఖాళీ డిస్క్ వచ్చి నిండు డిస్క్ మీద కూర్చుంటుంది. గంటన్నర పట్టింది. కొత్త డిస్క్ పెట్టి ఆన్ చేస్తే అదే డెస్క్‌టాప్, అదే వేంకటేశ్వరస్వామి వాల్‌పేపర్, ఐకాన్లన్నీ ఎక్కడివక్కడే. నాన్న పేజ్‌మేకర్ తెరిచి నాలుగు లైన్లు కొట్టి "ఏం మారలేదుగా" అన్నాడు. నాకు అంతకంటే మంచి సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వలేదు.

పాత డిస్క్‌ని నేను పడేద్దామన్నాను. నాన్న ఏదీ పడేయడు. దాన్ని న్యూస్‌పేపర్‌లో చుట్టి, రబ్బర్ బ్యాండ్ వేసి, ఇంట్లో బీరువాలో పెట్టాడు. కాగితం మీద పెన్‌తో తేదీ కూడా రాశాడు. నేను నవ్వాను.

ఇక మిర్రర్. మన ఓఎస్ సిలబస్‌లో రెయిడ్ వస్తుంది కదా. 1988లో బర్కిలీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రాసిన పేపర్‌తో ఆ పేరు స్థిరపడింది. అందులో లెవెల్ 1 అంటే మిర్రరింగ్. రెండు డిస్కులు, ఒకదాంట్లో ఏది రాస్తే రెండోదాంట్లోనూ అదే క్షణంలో అదే. ఒకటి చచ్చిపోతే రెండోది పని ఆగకుండా నడిపిస్తుంది. నేను అంత దూరం పోలేదు. విండోస్‌లోనే రోబోకాపీ అనే కమాండ్ ఉంటుంది. దాని చివర ఎంఐఆర్ అనే స్విచ్ పెడితే ఒక ఫోల్డర్‌ని ఇంకో ఫోల్డర్‌కి అద్దంలా ఉంచుతుంది. డీ డ్రైవ్ మొత్తాన్ని రోజూ రాత్రి 9:30కి రెండో డిస్క్‌లోకి దింపేలా టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టాను. షాపు మూసేది పదింటికి. అంతా ఆటోమేటిక్. "ఇంక నీ పని ఎప్పటికీ పోదు నాన్నా" అన్నాను. ఆ మాట అన్నట్టు నాకు స్పష్టంగా గుర్తుంది.

ఎంఐఆర్ స్విచ్ గురించి దాని హెల్ప్‌లో ఏం రాసి ఉంటుందో నేను చదివాను కూడా. సోర్స్‌లో లేనిది డెస్టినేషన్‌లో ఉంటే తీసేస్తుంది. చదివి, "అవును, అద్దమంటే అంతేగా" అనుకున్నాను. నిజమే, అంతే. నువ్వు అద్దం ముందు నుంచి పక్కకి జరిగితే అద్దంలో నువ్వు ఉండవు.

సారు మా దగ్గరికి రావడం మొదలుపెట్టింది ఏప్రిల్‌లో. రిటైర్డ్ టీచర్. మా ఊరి వైపే, నల్లగొండ జిల్లా. అందుకే నాన్నకి ఆయనంటే ఎక్కువ గౌరవం. ఎనభై దాటాయి. ఏకోపాధ్యాయ పాఠశాలల్లో పనిచేసిన రోజుల గురించి రాసుకున్నారు. నోట్‌బుక్కుల్లో నీలం ఇంకు, వంకర లేని అక్షరాలు. సాయంత్రం నాలుగింటికి కర్ర ఊపుకుంటూ వచ్చేవారు. నాన్న ప్రూఫ్ ప్రింట్ తీసిస్తే ఎర్ర పెన్నుతో దిద్దేవారు. నేను ముద్రారాక్షసం అన్న మాట మొదటిసారి విన్నది ఆయన నోటే. మా షాపులో అచ్చు తప్పు దొరికినప్పుడల్లా "ఇదిగో, ఇంకో రాక్షసుడు" అనేవారు.

సెప్టెంబర్‌కి ఆయన చేతికి వణుకు ఎక్కువైంది. చివరి అధ్యాయం నోట్‌బుక్‌లో రాయలేదు. నాన్న పక్కన కుర్చీ వేసుకుని చెప్తుంటే నాన్న నేరుగా టైప్ చేశాడు. నాలుగు సాయంత్రాలు పట్టింది. అది వాళ్ల ఆవిడ గురించి. అంతకు మూడేళ్ల ముందు పోయారట. ఆ సాయంత్రాల్లో నేను పక్క కంప్యూటర్ దగ్గర డేటా స్ట్రక్చర్స్ అసైన్‌మెంట్ చేసుకుంటున్నాను, చెవిలో ఇయర్‌ఫోన్స్. పాట మారే మధ్యలో ముక్కలు ముక్కలుగా వినిపించేది. ఒక ముక్క మాత్రం పూర్తిగా విన్నాను. కొత్తగా పెళ్లైన రోజుల్లో, పగలు ఊరు చూస్తుందని, రాత్రిపూట బడి ఆవరణలో ఆవిడకి సైకిల్ నేర్పించారట. ఆవిడ తొక్కుతుంటే, లాంతరు పట్టుకుని ఈయన వెనకాల పరిగెత్తారట. లాంతరు ఊగి ఊగి ఆరిపోతే చీకట్లో ఇద్దరూ పడ్డారట. నేను ఇయర్‌ఫోన్ తీసి నవ్వాను. సారు కూడా నవ్వారు.

అక్టోబర్. దసరా సెలవులు. ఒక శనివారం సాయంత్రం, మా కాలేజీ ఫెస్ట్ వీడియోలు ఎడిట్ చేయడానికి షాపు మెషీన్‌లో పెట్టబోయాను. 40 జీబీ. డీ డ్రైవ్‌లో చోటు లేదంది. సరే, పాత చెత్త తీసేద్దామనుకున్నాను. డీటీపీ సెంటర్ ఫోల్డర్లు మీరెప్పుడైనా చూశారా? ఫైనల్, ఫైనల్ 2, ఫైనల్ కొత్త, ఇదే ఫైనల్. అక్కడ "సార్ బుక్" అని ఒకటి, "సార్ బుక్ ఫైనల్" అని ఒకటి ఉన్నాయి. ఫైనల్ ఉండగా మామూలుది ఎందుకు? షిఫ్ట్ నొక్కి డిలీట్ కొట్టాను. రీసైకిల్ బిన్‌కి కూడా పోకుండా. సాయంత్రం ఆరు.

"సార్ బుక్ ఫైనల్"లో ఉన్నది అట్ట డిజైన్ ఒక్కటే. నాన్న ఆరు నెలలుగా పని చేస్తున్నది "సార్ బుక్"లో.

ఆరు నుంచి 9:30 వరకు, మూడున్నర గంటలు, ఆ పుస్తకం రెండో డిస్క్‌లో క్షేమంగా ఉంది. ఎవరూ అడగలేదు. 9:30కి నేను పెట్టిన టాస్క్ లేచింది. సోర్స్‌లో సార్ బుక్ లేదు కాబట్టి డెస్టినేషన్‌లోనూ తీసేసింది. సోర్స్‌లో ఫెస్ట్ వీడియోలు ఉన్నాయి కాబట్టి అవి తెచ్చి ఖాళీ అయిన చోట్లో పోసింది. ఒక్క తప్పు కూడా చేయలేదు. నేను చెప్పింది చెప్పినట్టు చేసింది.

సోమవారం నాలుగింటికి సారు వచ్చారు. నాన్న ఫైల్ తెరవబోయి ఆగిపోయాడు. "బిడ్డా, సారు ఫోల్డర్ యాడికి పోయింది?" అన్నాడు. నేను వచ్చి చూశాను. చేతులు చల్లబడ్డాయి. "మిర్రర్‌లో ఉంటుంది నాన్నా" అని రెండో డిస్క్ తెరిచాను. ఆ మాట అంటున్నప్పుడే నాకు అర్థమైంది.

రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఆ రాత్రంతా కూర్చున్నాను. డిలీట్ అంటే డిస్క్ మీద డేటా వెంటనే తుడిచిపెట్టుకుపోదు. ఆ చోటు ఖాళీ అని మాత్రం రాసుకుంటుంది. వేరేది వచ్చి పడేదాకా పాతది అక్కడే ఉంటుంది. కానీ రెండు డిస్కుల్లోనూ వేరేది వచ్చి పడింది, నా ఫెస్ట్ వీడియోలే. ఫైల్ పేర్లు దొరికాయి, తెరిస్తే పేజ్‌మేకర్ వద్దంది. ఇంకో సంగతి కూడా ఆ రాత్రే తెలిసింది. నేను 500 జీబీ డిస్క్‌ని ఒక టీబీ డిస్క్‌లోకి క్లోన్ చేసినప్పుడు పార్టిషన్ల గీతలు కూడా పాతవే వచ్చాయి. మిగిలిన సగం ఎవరికీ కేటాయించకుండా అలా పడి ఉంది. చోటు లేదని నేను పుస్తకం తీసేసినప్పుడు అదే డిస్క్‌లో ఇంకో 500 జీబీ ఖాళీగా ఉంది.

పొద్దున నాన్న బీరువా తెరిచి న్యూస్‌పేపర్ పొట్లం తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. ఒక్క మాట కూడా అనలేదు. మిగతా డిస్కులు పీకేసి ఆ పాత డిస్క్ ఒక్కటే తగిలించాను. ఒరిజినల్, క్లోన్ రెండూ ఒకేసారి తగిలిస్తే విండోస్ తికమకపడుతుంది. రెండిటికీ గుర్తింపు సంఖ్య ఒకటే కదా. మెషీన్ మెల్లగా లేచింది. గడియారం మదర్‌బోర్డులో ఉంటుంది కాబట్టి అది అక్టోబరే చూపించింది. మిగతాదంతా జూన్ 14. సగం కంపోజ్ చేసిన శుభలేఖ ఒకటి తెరవడానికి సిద్ధంగా ఉంది, ఆ పెళ్లి అయిపోయి నెలలైంది. జూన్‌లో ఎవరో ఇచ్చిన రెజ్యూమె, కోచింగ్ సెంటర్ నోట్స్. "సార్ బుక్" ఉంది. అందులో ఆరు అధ్యాయాలున్నాయి.

అప్పుడు తెలిసింది నాకు, నేను కొన్న రెండు డిస్కుల్లో తేడా. పరీక్షలో అడిగితే ముందు కూడా రాసేదాన్ని, మార్కులు కూడా వచ్చేవి. మిర్రర్‌కి ఒక్క కాలమే తెలుసు: ఇప్పుడు. డిస్క్ కాలిపోతే, మోటర్ ఆగిపోతే అది నిన్ను కాపాడుతుంది. నీ చెయ్యి తప్పు చేస్తే కాపాడలేదు, నీ చెయ్యి ఏం చేస్తే అదీ అదే చేస్తుంది. వైరస్ వచ్చి ఫైళ్లన్నీ గుప్తలిపిలోకి మార్చేస్తే ఆ రాత్రి మిర్రర్ కూడా గుప్తలిపి అయిపోతుంది. పక్కన తీసి పెట్టిన క్లోన్‌కీ ఒక్క కాలమే తెలుసు: అప్పుడు. వైరు పీకిన క్షణం నుంచి అది పాతబడుతూ ఉంటుంది. దాని లోపం అదే, దాని బలం కూడా అదే. జూన్ 14 తర్వాత నేను ఎన్ని తప్పులు చేసినా ఒక్కటీ దాని దాకా పోలేదు.

ఇది నా ఒక్కదాని తెలివితక్కువే అనుకోకండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీర్, రెప్లికా సర్వర్ అనుకుని అసలు డేటాబేస్ సర్వర్‌లోనే డేటా చెరిపేశాడు. వాళ్ల దగ్గర రకరకాల బ్యాకప్ పద్ధతులున్నాయి. రోజూ తీయాల్సిన డంప్ కొన్నాళ్లుగా ఫెయిలవుతోందని ఎవరికీ తెలియలేదు. చివరికి ఆదుకుంది అంతకు ఆరు గంటల ముందు ఇంకో పని కోసం చేత్తో తీసిన ఒక స్నాప్‌షాట్. ఆ ఆరు గంటల్లో మారిన డేటా పోయింది. దాచకుండా వాళ్లే మొత్తం రాసి పెట్టారు. అది చదివాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది, కొంచెం భయం కూడా. వాళ్ల స్నాప్‌షాట్, మా నాన్న న్యూస్‌పేపర్ పొట్లం, రెండూ ప్లాన్‌లో లేనివే.

ఆరు అధ్యాయాలు దొరికాయి. మొత్తం పది. ఏడు నుంచి తొమ్మిది వరకు ఏం చేయాలి? నాన్న టేబుల్ కింద నుంచి ఒక బస్తా లాగాడు. ప్రూఫులు. ఎర్ర ఇంకు దిద్దుబాట్లతో సహా ప్రతి కాగితం, అధ్యాయం వారీగా సుతిలితో కట్టి ఉంది. "పుస్తకం అచ్చయ్యేదాంక ప్రూఫు పడేయొద్దు. మా ఓనర్ నేర్పిండు" అన్నాడు. ఆ ఓనర్ గురించి ఆయన అంతకుముందు కూడా చెప్పేవాడు. 2000లో నాన్న బాగ్‌లింగంపల్లి వైపు ఒక సెంటర్‌లో ఆపరేటర్. ఆ ఆగస్టు 24న హైదరాబాద్‌లో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. హుస్సేన్‌సాగర్ నాలా పొంగి అశోక్‌నగర్, దోమల్‌గూడ, బాగ్‌లింగంపల్లి, మా నల్లకుంట మునిగాయి. సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్లొచ్చి, అబ్దుస్ సమద్ ఖాన్ అనే ఆయన జీవితమంతా కూడబెట్టిన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు తడిసిపోయింది అప్పుడే. నాన్న వాళ్ల సెంటర్‌లో సీపీయూలు నేల మీదే ఉండేవి. అన్నీ మునిగాయి. ప్రూఫు కట్టలు మాత్రం అటక మీద ఉన్నాయి. ఆ పుస్తకాల పనంతా కట్టలు చూసి మళ్లీ కొట్టారట.

నాన్నకి బ్యాకప్ అనే మాట రాదు. కానీ తేదీ రాసి బీరువాలో పెట్టడం తెలుసు, కాగితం దాచడం తెలుసు. ఆ రెండూ లేకపోతే నా అద్దం దగ్గర ఏమీ లేదు. అంతెందుకు, నా రెండు డిస్కులూ ఒకే డబ్బాలో, ఒకే గదిలో, నేలకి మూరెడు ఎత్తులో ఉన్నాయి. అక్టోబర్ 2020 వానలకి మా గల్లీలో మోకాళ్ల లోతు నీళ్లు నేనే చూశాను. అయినా తట్టలేదు.

మూడు అధ్యాయాలు ప్రూఫులు చూసి నేనే టైప్ చేశాను. అను కీబోర్డ్ నాకు రాదు. నాన్న పక్కన కూర్చుని ఏ అక్షరం ఎక్కడుందో చెప్పాడు. రోజుకి నాలుగు పేజీలు, పద్దెనిమిది రోజులు. టైప్ చేస్తూ సారు పుస్తకం చదివాను. అంతకుముందు ఆరు నెలలు పక్కనే కూర్చుని ఒక్క పేజీ చదవలేదు.

పదో అధ్యాయం ఎక్కడా లేదు. దానికి నోట్‌బుక్ లేదు, ప్రూఫ్ ఇంకా తీయలేదు, పాత డిస్క్ అప్పటికి బీరువాలో ఉంది. సారుకి నాన్న చెప్తానన్నాడు, నేనే చెప్తానన్నాను. "సారూ, మీరు చెప్పి రాయించిన అధ్యాయం నేను చెరిపేశాను. మళ్లీ రాదు" అన్నాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అంతా పోయిందా అమ్మా?" అన్నారు. "అంతా పోయింది సారూ." కర్ర రెండు చేతుల మధ్య తిప్పుకుంటూ, "సరే, మళ్లీ చెప్తా. ఈసారి నువ్వు కొట్టు" అన్నారు.

ఈసారి ఫోన్ టేబుల్ మీద పెట్టి రికార్డింగ్ ఆన్ చేశాను. ఇయర్‌ఫోన్స్ బ్యాగ్‌లోనే ఉన్నాయి. మొదటిసారి నాలుగు సాయంత్రాలు పట్టింది, ఈసారి రెండే. కొన్ని చోట్ల "అది మొన్న బాగా చెప్పిన, ఇప్పుడు రావట్లేదు" అని వదిలేశారు. కొన్ని కొత్తవి వచ్చాయి. సైకిల్ దగ్గరికి వచ్చారు. రాత్రి బడి ఆవరణ, ఆవిడ తొక్కుతుంటే ఈయన వెనకాల పరిగెత్తడం. నిండు వెన్నెల అన్నారు.

నేను టైప్ చేయడం ఆపాను. "సారూ, మొన్న లాంతరు అన్నారు. అది ఆరిపోయి చీకట్లో పడ్డామన్నారు."

ఆయన కళ్లు మూసుకుని ఆలోచించారు. "లాంతరా? ఉండొచ్చు. కానీ ఇప్పుడు నాకు వెన్నెలే కనబడుతుంది అమ్మా. వెన్నెల అనే రాయి."

వెన్నెల అనే రాశాను.

డిసెంబర్‌లో పుస్తకం వచ్చింది, 200 కాపీలు. నాకొకటి ఇచ్చారు. లోపల నా పేరు రాసి, చివరి అధ్యాయం చదవమని రాశారు, నేనే టైప్ చేశానని తెలిసి కూడా. ఆ పేజీ దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు ఒక ఆలోచన వస్తుంది. ఏది నిజమో నాకు తెలియదు. ఆయన రెండోసారి చెప్పింది తక్కువేం కాదు. కానీ మొదటిసారి ఆయనకి గుర్తొచ్చింది ఒకటుంది, దాని మీద ఇప్పుడు ఇంకొకటి సేవ్ అయిపోయింది. మనుషుల జ్ఞాపకంలో వెనక్కి వెళ్లి తెచ్చుకోవడానికి తేదీ రాసిన పొట్లం ఉండదు. ఆ పొట్లం ఆయన మా దగ్గర పెట్టారు, నేను పోగొట్టాను.

ఇప్పుడు మా షాపులో పద్ధతి మారింది. రోజూ రాత్రి 9:30 టాస్క్ ఇంకా ఉంది, కానీ ఎంఐఆర్ తీసేసి ఈ అనే స్విచ్ పెట్టాను. అది కొత్తవి తెస్తుంది, పాతవి తీసేయదు. మార్చిన ఫైల్ మీద మాత్రం కొత్తదే పడుతుంది, అందుకే అది ఒక్కటే చాలదు. నెలలో మొదటి ఆదివారం క్లోన్. రెండు డిస్కులు, వంతులవారీగా. ఒకటి బీరువాలో, ఒకటి ఈసీఐఎల్‌లో మా చిన్నమ్మ ఇంట్లో, మూడో అంతస్తులో. పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫర్ ప్రచారం చేసిన 3-2-1 సూత్రం ఇదే: మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి వేరే ఊళ్లోనో వేరే ఇంట్లోనో. నాలుగోది నేను కలిపాను: నెలకోసారి ఆ క్లోన్‌ని నిజంగా తగిలించి, ఆన్ చేసి, ఒక పేజ్‌మేకర్ ఫైల్ తెరిచి చూడటం. తెరిచి చూడని బ్యాకప్ ఉందో లేదో ఎవరికీ తెలియదు. డిస్కులకి న్యూస్‌పేపర్ చుట్టి తేదీ రాసేది మాత్రం నాన్నే. ఆ పని నాకివ్వడు.

మీ ఇంట్లో కూడా ఇలాంటి మెషీన్ ఒకటి ఉండే ఉంటుంది. అమ్మ పాత ఫోన్ కావచ్చు, తాతయ్య రేడియోలో పాడిన క్యాసెట్ కావచ్చు. గూగుల్ ఫోటోస్‌లో ఉందిలే అంటారేమో. ఫోన్‌లో ఒక ఫోటో డిలీట్ చేస్తే అక్కడ ఏమవుతుందో ఒకసారి చూడండి. అది కూడా అద్దమే. కొన్నాళ్లు ట్రాష్‌లో ఉంచుతుంది, అంతే తేడా. ఈ ఆదివారం ఒక గంటన్నర పెట్టండి. వైరు పీకి, తేదీ రాసి, ఇంకో ఇంట్లో పెట్టండి.

ఇక ఆ లాంతరు. అది ఏ డిస్క్‌లోనూ లేదు, అచ్చైన పుస్తకంలోనూ లేదు, సారుకి కూడా గుర్తు లేదు. నాకు తెలుసు, బహుశా నాన్నకి తెలుసు. ఇప్పుడు మీకు కూడా చెప్పాను.